వ్రేలెడంత పలక



పిల్లల చదువునకు సంబంధించిన యొక చిన్న వస్తువును గూర్చి నేడు విన్నవింపదలచితిని. దానిని పెన్‌డ్రైవందురు. పాటలు, ఛాయాచిత్రములు దాచుకొనుట కది పనికివచ్చునని మీ రెఱుగుదురు. దానిలో నొక బడినే దాచవచ్చునని చెప్పుట నా యుద్దేశము.

పూర్వము బాలునకు పలక యుండెడిది. అది వానిదే, చంకబెట్టుకొని యింటికి కొనిపోవును. కాని నిన్న వ్రాసినది నేడు దానిపై నిలువదు. బడిలోని కంప్యూటరు వ్రాసినదానిని నిలుపును. కాని యది పదిమందిది, ఇంటికి రాదు. ఈ రెండు కొఱతలను దీర్చునట్టి సాధనమును షుగర్ ల్యాబ్స్ అను సంస్థవారు 2009వ సంవత్సరమున వెలువరించిరి. దాని పేరు 'షుగర్ ఆన్ ఎ స్టిక్'. పేదదేశముల బాలుర కొక్కొక్క చిన్న కంప్యూటరు నీయదలచిన 'వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్' ఉద్యమము కొఱకు సిద్ధపఱచిన సామగ్రియే యిందు కలదు.

దీని పని యెట్లనగా: కంప్యూటరు మేల్కొనునపుడు తన లోపలి డిస్కును గాక, మనము తగిలించిన పెన్‌డ్రైవును చదువును. వ్రాత, చిత్రలేఖనము, లెక్కలు మొదలగునవి తెఱపైకి వచ్చును. లోపలి డిస్కులోని వాని జోలికి పోదు. బాలుడు చేసిన పని 'జర్నల్' అను దినచర్యలో పెన్‌డ్రైవునందే నిలుచును. మఱునాడు వేఱొక కంప్యూటరునకు తగిలించి, విడిచినచోటనుండి సాగింపవచ్చును. ఇంటర్నెట్టు లేకున్నను చాలవఱకు నడచును. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దీనికి వెల లేదు. ప్రతి తీసి పొరుగూరి బడికిచ్చుట నేరము గాదు.

ఇందు తాబేటి యాట యొకటి కలదు. 1967లో సెమూర్ పాపర్ట్ మున్నగువారు కల్పించిన లోగో భాష దానికి మూలము. '100 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి' అని నాలుగుమాఱు లాజ్ఞాపించిన చతురస్ర మగును. సమత్రిభుజము గీయుమన్నచో, కోణము 60 గదా యని బాలుడు 60 డిగ్రీలు త్రిప్పించును. త్రిభుజము మూసికొనదు! లోకోణము 60 కావలెనన్న తాబేలు తిరుగవలసినది 120 అని తుదకు తానే కనుగొనును. అచట బెత్తము లేదు, పరిహాసము లేదు, తప్పే గురువగును. చిరకాలము నల్లబల్లయెదుట నిలిచిన నాకు దీని విలువ తెలియును.

కొన్ని హెచ్చరికలు. పెన్‌డ్రైవునుండి మేల్కొనునట్లు కంప్యూటరును ముందుగా నమర్పవలసియుండును. పని ముగింపక యూడబెఱికినచో చేసినది చెడవచ్చును. అంత చిన్నవస్తువు పోవుటయు, పాడగుటయు సులభము. కావున బాలుర పనికి మఱియొక ప్రతి బడిలో నుంచవలెను. తెలుగక్షరములు సరిగా కనబడుచున్నవో లేదో మున్ముందే చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, ప్రక్కన కూర్చుండి సందేహము తీర్చు నుపాధ్యాయుడు. ఆయన స్థానమును పెన్‌డ్రైవు పూరింపజాలదు.

మీ యూరి బడిలో దుమ్ముపట్టిన కంప్యూటరు లొకటి రెండు మూలబడియుండవచ్చును. పాతసామానుతో నమ్మివేయుటకు పెద్దలు సమ్మతించుటకు ముందు, ఒక్క పెన్‌డ్రైవు తగిలించి చూడుడు. వెలిగిన యంత్ర మొక్కటియైనను, వంతులవారిగా పదిమంది పిల్లలకు పలక యగును.