మెట్టు నెక్కు సాధన



మన యిండ్ల అరుగు మీది కెక్కుటకు రెండు మూడు మెట్లుండును. ఇరువది యేండ్ల ప్రాయమున వానిని లెక్కపెట్టినవా డెవ్వడును లేడు. అరువది దాటిన పిదప మొదట గోడమీద చేయి పడును. తరువాత మనుమని భుజముమీద పడును. కొంతకాలమునకు, పొరుగింట శుభకార్యమునకు పిలుపు వచ్చినను “రాలేను, మెట్లున్నవి” యని కబురంపుట తటస్థించును. మనుష్యుడు ఇల్లు కదలలేకపోవుట ఈ రీతిగా మెట్ల వద్దనే ఆరంభమగుచున్నది. ఆ మెట్టునే మందుగా వాడుకొను విధమును నేడు మనవి చేసెదను.

“జన్మమంతయు నాగలి పట్టితిమి, మాకీ వయస్సున సాముగరిడీ లేల?” అని మీలో కొందరు నవ్వవచ్చును. కండ నిన్నటి పనిని దాచియుంచుకొనదు. పని తగ్గిన నదియు తగ్గును. కాని యెంత వయస్సు మీరినను, పని చెప్పినచో మరల వినును. 1990వ సంవత్సరమున ప్రకటితమైన యొక పరిశోధనలో, అమెరికాలోని బోస్టను నగరపు వృద్ధాశ్రమమున తొంబది యేండ్లవారిచేత ఎనిమిది వారములు కాళ్లతో బరువు లెత్తించిరి. కడవరకు నిలిచిన తొమ్మండుగురి తొడల బలము సగటున రెండింతలకు మించెను. వారు చేసినది మెట్టెక్కుట కాదు, కూర్చుండి కాలు చాచుట. కండ స్వభావము మాత్ర మొక్కటియే.

ఇక పద్ధతి. జానెడుకంటె ఎత్తులేని, కదలని మెట్టును చూచుకొనుడు. ప్రక్కన పట్టుకొనుటకు స్తంభ ముండవలెను. కుడిపాదమును మడమతో సహా మెట్టుపై మోపుడు. మోకాలు లోపలికి వ్రాలక, పాదపు వ్రేళ్ల సూటిననే యుండవలెను. కొంచెము ముందునకు వంగి, పైకాలి మడమతో మెట్టును అణచి త్రొక్కి లేవవలెను. ఇచ్చటనే అందరును మోసపోవుదురు. క్రిందికాలు నేలను తన్ని దేహమును ఎగురవేయును. పైకాలికి పనియే యుండదు. నేనును తొలి పదునైదు దినములు ఇట్లే చేసి, బలము వచ్చినదని సంతోషించితిని. నా భార్య చూచి, “మీరు ఎక్కుట లేదు, గెంతుచున్నారు” అన్నది. క్రిందికాలి వ్రేళ్లను ముందుగనే పైకెత్తి యుంచినచో ఆ దొంగతనము సాగదు.

దిగునప్పుడు మూడు లెక్కించుచు మెల్లగా దిగవలెను. మెట్లపై పడువారిలో పెక్కుమంది దిగుచు పడువారే. ఆ దిగుటను నేర్పునది ఈ నిదానమే. ఊపిరి బిగబట్టరాదు, లేచునప్పుడు విడువవలెను. రక్తపుపోటు గలవారి కిది మిక్కిలి ముఖ్యము.

అరువది కిలోల మనిషి ఒంటికాలితో లేచినచో, ఆ కాలు అరువది కిలోలను ఎత్తినట్లే. మొదట నదియే చాలును. ఒక్కొక్క కాలితో పదిమారులు తూలక చేయగలిగిన పిదపనే పైబరువు. గుడ్డసంచిలో కిలో యిసుక పోసి భుజమునకు తగిలించుకొనుడు. ఒక చేయి స్తంభమునకు మిగులును. తలపై మూట పనికిరాదు. అదియు సులభమైనప్పుడు మరియొక అరకిలో. వారమునకు రెండు మూడు దినములు, నడుమ నొక దినము విడిచి చేసిన చాలును.

మరునాడు తొడలు నొచ్చుట సహజము. మోకాలు పొడిచినట్లున్నను, వాచినను మెట్టు ఎత్తు తగ్గింపుడు. రొమ్ము పట్టినను, కన్నులు చీకట్లు క్రమ్మినను వెంటనే మాని వైద్యునకు చూపుకొనుడు. గుండెజబ్బు గలవారు, మోకాలికి శస్త్రచికిత్స జరిగినవారు ముందుగనే వైద్యు నడుగవలెను.

జారు చెప్పులతో చేయకుడు. అరుగు కడిగిననాడు రాతిమెట్టు ఆరువరకు ఆగుడు.