రక్తానికి రికరింగ్ డిపాజిట్

(ఖరగ్‌పూర్‌లో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనది రైలు ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉద్యోగాలకని వచ్చిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఈ హాల్లోనే ఎందరో ఉన్నారు. ఎక్కడ రైలు ప్రమాదం జరిగిందన్నా "బండిలో మనవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగే ఇళ్లు మనవి.

2023 జూన్ 2న మన స్టేషన్‌లో ఆగి వెళ్లిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, సాయంత్రం ఏడు గంటల వేళ బాలేశ్వర్ జిల్లా బహానగా బజార్ దగ్గర ప్రమాదానికి గురైంది. 290 మందికి పైగా చనిపోయారు. వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. రక్తం ఇస్తామంటూ ఆ రాత్రి బాలేశ్వర్ ఆసుపత్రి దగ్గర జనం బారులు తీరారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

అయితే ఒక సంగతి గమనించండి. ఇచ్చిన రక్తాన్ని ఇచ్చినట్టే ఎక్కించరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి. అంచేత మొదటి గంటల్లో క్షతగాత్రులను ఆదుకునేది, అంతకుముందే ఎవరో ఇచ్చిపోయిన రక్తం. ఏళ్లుగా కౌంటర్లో కూర్చున్న నాకు ఈ లెక్క సులువుగా అర్థమైంది. ఒకరు తీసుకోవాలంటే ముందు ఇంకొకరు వేసి ఉండాలి.

ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు. ఎర్రకణాలు శీతల నిల్వలో ఉంచినా మహా అయితే 42 రోజులు. ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులే. మన భాషలో చెప్పాలంటే ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, రికరింగ్ డిపాజిట్. పైగా కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో శిబిరాలు తగ్గి, నిల్వలు పడిపోతుంటాయి.

ఆ లోటు ముందుగా తగిలేది పేదవాడికే. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం మన దేశంలో 1998 నుంచి నిషేధం. మంచిదే. కానీ నిల్వ లేనిచోట "మీవాళ్లనెవరినైనా తీసుకొచ్చి ఇప్పించండి" అంటారు. భార్యను కాన్పుకి పల్లె నుంచి తెచ్చిన కూలీ ఎవరిని తెస్తాడు? అన్నదమ్ములు ఏ కేరళలోనో పనిలో ఉంటారు. అతనికి ఆ పూట బంధువులం మనమే కావాలి.

18 నుంచి 65 ఏళ్ల లోపు ఉండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వచ్చు. మగవాళ్లయితే మూడు నెలలకోసారి, ఆడవాళ్లయితే నాలుగు నెలలకోసారి. తీసుకోవచ్చా లేదా అన్నది అక్కడి డాక్టరు చూసి చెబుతారు.

నా మాట ఇక్కడితో సరి. ఆ బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. పేరు, రక్తం గ్రూపు, ఏ నెలలో ఇస్తారో రాయండి. ఇంట్లోవాళ్లందరూ ఒకే నెల రాసుకోకండి, విడివిడిగా పంచుకోండి. మే, జూన్ గళ్లు ముందు నిండాలని నా కోరిక.

సెలవు.