నమీబు ఎడారిలో ఒక దినము



ఎడారి అను మాట మన వాడుకలో నిష్ఫలతకు మారుపేరుగ నిలిచిపోయినది. ఫలింపని ప్రయత్నమును ఎడారిలో చల్లిన విత్తనమందుము. ఆదరణ లేని జీవితమును ఎడారి బ్రతుకందుము. ప్రభుత్వ కార్యాలయములలో ఈ భావమే మరియొక రూపమున కనబడును. పంట పండని నేల కాగితముపై బంజరు, లేదా వ్యర్థభూమి. ఆ మాట వ్రాయునపుడు ఆ నేలపై ఏమేమి బ్రతుకుచున్నవో విచారింపవలెనన్న తలంపు సాధారణముగ కలుగదు. ఆఫ్రికా ఖండపు నైఋతి తీరమున నున్న నమీబు ఎడారిని ఒక్క దినము చూచిన యాత్రికునకు ఆ మాటలోని తొందరపాటు చక్కగ బోధపడును. అట్టి ఒక దినపు యాత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

నమీబు ఎడారి అంగోలా దక్షిణ భాగము మొదలుకొని నమీబియా దేశపు తీరము పొడవునను సాగి, దక్షిణాఫ్రికా వాయవ్య భాగము వరకు సుమారు 2,000 కిలోమీటర్లు వ్యాపించియున్నది. ప్రపంచములోని మిక్కిలి ప్రాచీనములైన ఎడారులలో ఇది యొకటి. అచటి నామా ప్రజల భాషలో నమీబు అనగా విశాలమైన చోటని యర్థము. 1990 మార్చి 21వ తేదీన స్వతంత్రమైన ఆ దేశమునకు పేరు కూడ ఈ ఎడారి నుండియే వచ్చినది. ఇచటి ఇసుక సముద్రమును యునెస్కో సంస్థ 2013లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది.

మన ఆంధ్రదేశమున వర్షాభావమునకు పేరు మోసిన అనంతపురము ప్రాంతమున సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. నమీబు తీరమున సాలంతయు కురియు వాన 20 మిల్లీమీటర్లకు మించదు. దీనికి కారణము ప్రక్కనే యున్న సముద్రము. అట్లాంటిక్ మహాసముద్రమున ఆ తీరము వెంబడి బెంగువేలా అను శీతల ప్రవాహము ఉత్తర దిశగా సాగుచుండును. ఆ చల్లని నీటి మీది గాలి పైకి లేచి వానమేఘముగ మారదు. పొగమంచుగ మారి తీరము మీదికి వచ్చును. వానను దూరము చేసిన సముద్రమే పొగమంచు నిచ్చుచున్నది. ఆ ఎడారిలోని జీవకోటిలో అధిక భాగము ఈ మంచుపైననే ఆధారపడియున్నది.

యాత్ర తెల్లవారకమునుపే ఆరంభమగును. రాజధాని విండ్‌హోక్ నుండి సుమారు 350 కిలోమీటర్ల దూరమున, అధిక భాగము కంకర బాట వెంట పోగా, సెస్రియం అను చోట ఎడారి ద్వారము కలదు. ఎడారి యన్నంతనే ఎండను తలచుకొని పలుచని వస్త్రములతో వచ్చినవారు ఆ వేకువ చలికి వణకవలసినదే. ద్వారము తెరచినంతనే మోటారు బండ్లు ఒకదాని వెనుక నొకటి పశ్చిమ దిశగా సాగును. రమారమి 60 కిలోమీటర్ల వరకు తారు బాట. అటుపిమ్మట అయిదు కిలోమీటర్లు ఒట్టి ఇసుక. నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు బండ్లు తక్క ఇతరములు ఆ ఇసుకలో కూరుకొనిపోవును.

బాటకు ఇరువైపుల ఇసుక దిబ్బలు కొండలవలె నిలిచియుండును. సెస్రియం నుండి 45వ కిలోమీటరు వద్ద నున్న దిబ్బకు ఆ సంఖ్యయే పేరైనది. సూర్యోదయ సమయమున దాని తూర్పు ముఖము కుంకుమ వర్ణమునను, పడమటి ముఖము నీలి నీడలోను ఉండి, నడుమ శిఖరము ఒక వంకర గీతవలె కనబడును. ఆ యెరుపు ఇసుక రేణువులకు పట్టిన ఇనుప తుప్పు వలన కలిగినది. ఈ ఇసుకలో అధిక భాగమును దూరమున నున్న ఆరెంజ్ నది సముద్రమునకు చేర్చగా, ప్రవాహము దానిని ఉత్తరమునకు తెచ్చినది. అలలు ఒడ్డున వేసినవి. గాలి లోనికి మోసికొనివచ్చినది. తీరము నుండి లోనికి వచ్చిన కొలది ఇసుక ప్రాచీనమై, దాని ఎరుపు చిక్కనగును.

దిబ్బ నెక్కువారు పాదముల చెంత చూచినచో మరియొక లోకము కాననగును. రాత్రి సంచరించిన పురుగులు, బల్లులు, నక్కలు విడిచిన అడుగుజాడలు వ్రాతవలె ఇసుకపై నిలిచియుండును. సముద్రమునకు మరికొంత చేరువలో నున్న దిబ్బలపై ఒక నల్లని పెంకుపురుగు పొగమంచు వచ్చు వేళ శిఖరమునకు ఎగబ్రాకి, తల క్రిందుగ, వెనుకభాగము గాలికి ఎదురుగ పైకెత్తి నిలుచును. మంచు దాని వీపుపై బిందువులై జారి నోటికి చేరును. మరియొక జాతి పురుగు గాలికి అడ్డముగ ఇసుకలో సన్నని గట్టు కట్టి, దానికి పట్టిన తడిని పీల్చును. చెరువుకట్ట కట్టుట మనుష్యులకే తెలిసిన విద్య కాదన్నమాట. ఇట్టి జీవులను పరిశీలించుటకై 1962లో చార్లెస్ కోఖ్ అను కీటకశాస్త్రవేత్త కృషి వలన గొబాబెబ్ అను చోట నెలకొన్న పరిశోధన కేంద్రము నేటికిని పనిచేయుచున్నది.

బాట చివర సోసస్‌వ్లే కలదు. వ్లే అనగా వాన వచ్చినపుడు నీరు నిలుచు పల్లపు నేల. తూర్పు కొండలలో మంచి వాన పడిన యేట త్సౌచాబ్ నది ఇచటికి వచ్చి, సముద్రమునకు పోవు దారి లేక, దిబ్బల నడుమ ఇంకిపోవును. అట్టి యేడు ఎన్నో యేండ్ల కొకసారి గాని రాదు. దాని చేరువనే డెడ్‌వ్లే, అనగా మృతమైన పల్లము. పూర్వము నది అచటికి కూడ వచ్చెడిది. తుమ్మజాతి వృక్షములు పెరిగెడివి. దిబ్బలు జరిగి నది దారిని మూసివేసినవి. మన దేశమున విజయనగర సామ్రాజ్యము వెలసిన కాలమునకు ఇంచుమించుగ, అనగా 600 నుండి 700 సంవత్సరముల క్రిందట, ఆ చెట్లు ఎండిపోయినవి. కాని అవి నేటికిని నిలిచియే యున్నవి. కుళ్ళుటకు కూడ కొంత తడి కావలెను గదా! తెల్లని బంకమట్టి నేల, నల్లబడిన మ్రానులు, వెనుక ఎర్రని దిబ్బ, పైన నీలాకాశము: చూపరులు అచట బిగ్గరగ మాటలాడుటకు సంకోచింతురు.

మధ్యాహ్నపు ఎండలో మనుష్యులు నీడ వెదకికొను వేళ ఓరిక్స్ అను మృగము దిబ్బ శిఖరముపై నిలుచుండుట చూడదగినది. ఈటెలవంటి పొడవైన కొమ్ములు ఆడమగలు రెండింటికిని కలవు. ఇతర జంతువులు చెమటోడ్చి శరీరమును చల్లబరచుకొనును. ఓరిక్స్ నీటి నట్లు వ్యయము చేయక, శరీరపు వేడిని ఎక్కనిచ్చును. మెదడునకు పోవు రక్తము మాత్రము ముక్కు నుండి చల్లబడి వచ్చు రక్తపు చేరువను సన్నని నాళముల జాలము గుండ సాగి, తానును చల్లబడును. ఏది కాపాడుకొనవలెనో, ఏది కొంత సహింపవచ్చునో ఆ మృగమునకు తెలిసినంతగ మనలో ఎందరికి తెలియును?

దారిలోని తుమ్మచెట్లపై గడ్డివాములవంటి గూళ్ళు వ్రేలాడుచుండును. అవి మన గిజిగానికి దూరపు చుట్టమైన ఒక చిన్న పక్షి సమష్టిగ కట్టిన నివాసములు. ఒక్కొక్క గూటిలో వందకు మించిన జంటలు వేరువేరు గదులలో కాపురముండును. తరతరములు అదే గూటిని మరమ్మతు చేసికొనుచుండును. ప్రభుత్వపు క్వార్టర్లలో జీవితము గడపిన కుటుంబములకు ఈ ఏర్పాటు క్రొత్తగ తోచదు. అచట మరమ్మతు కొరకు అర్జీ పెట్టుకొనవలసిన పని లేదు, అంతే భేదము.

సాయంకాలము యాత్రికులు సెస్రియం లోయలోనికి దిగుదురు. త్సౌచాబ్ నదియే కోసిన ఈ ఇరుకు లోయ సుమారు ఒక కిలోమీటరు పొడవు, 30 మీటర్ల లోతు. పూర్వము అచట స్థిరపడినవారు నీరు తోడుటకు ఆరు తోలు పట్టెలను ముడివేయవలసివచ్చెనట. ఆఫ్రికాన్స్ భాషలో సెస్రియం అన్న పేరునకు అదియే అర్థము. చేద మోకు పొడవును బట్టి బావి లోతు నెరుగు మన పల్లెవారికి ఈ పేరు సులభముగ బోధపడును.

ఈ దినపు దృశ్యములలో గమనింపదగినది మరియొకటి కలదు. దారి విడిచి బండి తోలరాదని అచట కఠినమైన నిబంధన. కంకర మైదానములపై పడిన చక్రపు జాడ దశాబ్దముల వరకు చెరగదు. ఏమియు లేదనిపించు నేలయే అన్నిటికంటె సుకుమారమైనది. నమీబియా రాజ్యాంగములోనే పర్యావరణ రక్షణ ప్రభుత్వ కర్తవ్యముగ వ్రాయబడినది. 1996 నాటి చట్టము వన్యమృగములపై స్థానిక ప్రజలకు హక్కును, బాధ్యతను కల్పించినది. ఆ దేశపు రాజలాంఛనమున ఇరువైపుల రెండు ఓరిక్స్ మృగములు, అడుగున ఇసుకయు, రెండే ఆకులతో వేయి సంవత్సరములు దాటి బ్రతుకగల వెల్విచియా మొక్కయు చిత్రింపబడినవి. ఆ జాతి తన ఎడారిని చూచి సిగ్గుపడలేదు.

మన దేశముననో, 2000 సంవత్సరము మొదలు ప్రచురింపబడిన వ్యర్థభూముల పటసంపుటములలో పొదల నేలలును, ఇసుక నేలలును చేరియున్నవి. అట్టి మెట్ట పచ్చికలలో తిరిగిన చీతా మన దేశమున అంతరించినదని 1952లో ప్రకటింపబడినది. 2022 సెప్టెంబరు 17వ తేదీన ఎనిమిది చీతాలను మనము తెచ్చుకొన్నది ఈ నమీబియా నుండియే. కర్నూలు సీమలోని రోళ్ళపాడు పచ్చికలలో బట్టమేక పక్షి కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడినది. చుట్టును సాగు పెరిగి, పచ్చిక తరిగి, ఆ పక్షి అచట అరుదైపోయినది. థార్ ఎడారిలో మిగిలినవి విద్యుత్ తీగలకు తగిలి మరణించుచుండగా, సుప్రీంకోర్టు 2021లో తీగలను భూగర్భమున వేయవలెనని ఉత్తరువు చేసినది. సూర్యశక్తి అవసరమును కూడ గుర్తించి 2024లో దానిని సవరించి, నిపుణుల సంఘమును నియమించినది. నీరు రైతునకు కావలెను. విద్యుత్తు దేశమునకు కావలెను. కాని నిర్ణయమునకు పూర్వమే ఆ నేలను వ్యర్థమని వ్రాసినచో, పక్షి పక్షమున తూచవలసినదేమియు మిగులదు.

ఈ సభలోని పెక్కుమంది జీవితము ఫైళ్ళతో ముడివడినది. ఒక నేలకు ఒక పేరు పెట్టు అధికారము కొందరికి కలదు. ఆ పేరు సరియైనదా యని అడుగగల అవకాశము మరికొందరికి కలదు. బంజరు అను మాట ఎదురైనపుడు ఒక్కసారి ఆ నేలను చూచి వచ్చుట, చూచుట వీలు గానిచో చూచిన వారిని అడుగుట, నమీబు యాత్ర నేర్పు పాఠము. బాలబాలికలకు కూడ ఎడారి యన్న ఇసుక మాత్రమే కాదని, మంచుబిందువు కొరకు తలక్రిందుగ నిలుచు పురుగు కథ చెప్పి తెలుపవచ్చును.