కడపట నడచు విద్యార్థి



విశాఖపట్టణపు రేవులోనికి ఓడ ప్రవేశించు విధమును మీలో కొందరు చూచియే యుందురు. దక్షిణమున యారాడకొండ సముద్రములోనికి ముక్కువలె చొచ్చియుండును. ఉత్తరమున వేంకటేశ్వరుని కొండ, మేరీమాత కొండ, దర్గాకొండ నిలిచియుండును. నడుమ నున్న ఇరుకైన కాలువగుండ ఓడ లోపలికి రావలెను. ఎన్ని సముద్రములు దాటివచ్చిన కప్తానైనను ఆ కాలువలో ఒంటరిగా ఓడను నడుపడు. రేవు పైలటు ఎదురేగి ఓడ నెక్కును. టగ్గులు ప్రక్కల చేరును. ఒడ్డుననున్న పనివారు మోకులందుకొని కట్టుదురు. 1933 అక్టోబరు 7వ తేదీన ఈ రేవునకు మొట్టమొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. ఆ పేరు నేటికిని చెప్పుకొందురు. ఆనాడు మోకులందుకొన్న చేతు లెవరివో ఎవరును చెప్పుకొనరు.

నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము అట్టి చేతులను గూర్చినది. అవి విద్యార్థుల చేతులు. విశ్వవిద్యాలయములలో చదువుకొనుచు, తోటి విద్యార్థులను కొండలకును, అడవులకును, సముద్రతీరమునకును తీసికొనిపోయి, సుఖముగా మరలించి తెచ్చు పనిని నిర్వహించు యువకులు, యువతులు కలరు. వారిలో ఉత్తములను గుర్తించి గౌరవించుట ఎట్లు, ఆ గౌరవములో గ్రామపెద్దలగు మీకు గల భాగమేమి, అనునదే నా ప్రసంగ విషయము.

ఆరుబయటి వినోదము విద్యలో భాగమా యని మీరడుగవచ్చును. 1926లో బెజవాడయందు స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1930లో వాల్తేరునకు తరలివచ్చినది. ఒకవంక కొండ, ఒకవంక కడలి గల ఆ చోట చదువుకొను పిల్లవానికి తరగతిగది యొక్కటే బడి కాదు. కొండ యెక్కునప్పుడు శ్వాస నదుపులో నుంచుకొనుట, చీకటి పడకముందే గుడారము వేసికొనుట, తనకంటె బలహీనుని నడకకు తన నడకను తగ్గించుకొనుట, ఇవి పుస్తకమున దొరకని పాఠములు. మన పల్లెలలో పశువుల వెంట కొండకు పోయినవారికి, వలవేయుటకు తెప్ప నెక్కినవారికి ఇవి పుట్టుకతో వచ్చిన విద్యలు. పట్టణమున పెరిగిన పిల్లలు మాత్రము వీనిని నేర్చుకొనవలసియున్నది.

అమెరికాలో ఈ విద్యకు విశ్వవిద్యాలయములలో ప్రత్యేక శాఖలే కలవు. అక్కడి డార్ట్‌మత్ కళాశాలలో 1909లో ఫ్రెడ్ హారిస్ అను విద్యార్థి కొండలలో విహరించు సంఘమును తోటివారితో కలిసి నెలకొల్పెను. ఈనాడచ్చట అనేక విశ్వవిద్యాలయములలో ఇట్టి శాఖలు విద్యార్థులనే ఉద్యోగులుగా నియమించి, గంటల లెక్కను జీతమిచ్చుచున్నవి. గుడారములను ఉతికి ఆరవేయుట, త్రాళ్ళను పరీక్షించుట, పడవలను అప్పగించి మరల తీసికొనుట, యాత్రలకు ముందు నడచుట వారి పనులు. సంవత్సరాంతమున వారిలో కొందరిని ఎన్నుకొని, పదిమంది యెదుట పేరు పెట్టి పిలిచి, వారు చేసిన పనిని వివరించి గౌరవించుదురు.

మనకు దీనికి దగ్గరగా నున్నవి రెండు సంస్థలు. ఎన్.సి.సి. అని పిలువబడు జాతీయ విద్యార్థి సైన్యదళము 1948లో పుట్టినది. ఎన్.ఎస్.ఎస్. అను జాతీయ సేవాపథకము 1969 సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైనది. ఈ పథకములో చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవచేసి, గ్రామమున ఏడు దినముల శిబిరమున నుండవలెను. ఆషాఢ పూర్ణిమకు సింహాచలము చుట్టు సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము జరుగునప్పుడు దారిపొడవున మంచినీరందించువారిలో విద్యార్థులును ఉందురు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను దాకినప్పుడు, కూలిన చెట్లను తొలగించుటకు చేయివేసినవారిలోను విద్యార్థులుండిరి. అయితే ఇది సేవ. జీతము లేని పని. విద్యార్థికి పని యిచ్చి, ఆ పనికి వేతనమిచ్చి, ఆపైన ఉత్తముని గౌరవించు పద్ధతి మనలో ఇంకను వేరూనవలసియున్నది.

అది వేరూనకుండుటకు ధనాభావ మొక్కటే కారణమని నేననుకొనను. మన మనస్సులలో నొక అడ్డుగోడ కలదు. "బి.ఏ. చదువుచు మూటలు మోయుటా? గుడారములు ఉతుకుటా?" అని తండ్రి బాధపడును, ఇరుగుపొరుగు నవ్వుదురు. అందుచే పనిచేయు పిల్లవాడు ఆ సంగతిని ఇంటివారికి దాచును. కాని మన పెద్దలనాటి ముచ్చట నొకటి జ్ఞాపకము చేసికొనుడు. బీదవిద్యార్థులు వారములు చేసికొని చదువుకొన్న కాలము మనకు క్రొత్త కాదు. సోమవారము ఒక యింట, మంగళవారము వేరొక యింట అన్నము తిని, ఎందరో గొప్పవారైరి. అన్నము పెట్టిన తల్లులకు నమస్కారము. అయినను ఆ అన్నములో నొక ఋణభారము కలదు. తన చేతితో త్రాడు ముడివేసి, తన వీపున మూట మోసి సంపాదించిన నాలుగు రూపాయలలో ఆ భారము లేదు. ఎవరి గుమ్మమువద్దను తల వంచని చదువు అది. అట్టిదానిని మనము దాచవలసిన పనిగా చేయుట న్యాయమా?

ఇక గౌరవ మెవరికి చెందవలెనను ప్రశ్న. 1953 మే 29వ తేదీన ఎవరెస్టు శిఖరముపై హిల్లరీ, టెన్జింగ్ నోర్గే కలిసి కాలుమోపిరి. ఆ దండును నడపిన హంటునకును, హిల్లరీకిని బ్రిటిషు ప్రభుత్వము సర్ బిరుదము నిచ్చెను. టెన్జింగునకు జార్జి పతకము నిచ్చెను. శిఖర మొక్కటే, అడుగులు సమానమే. గౌరవములు మాత్రము రెండు తీరులు. ఆ టెన్జింగు 1935లో మొదటిసారి ఎవరెస్టు దారి త్రొక్కినది బరువులు మోయు కూలివానిగా. మన దేశము 1959లో అతనికి పద్మభూషణ మిచ్చినది. సాహసకార్యములకు భారత ప్రభుత్వ మొసగు జాతీయ పురస్కారము నేడు టెన్జింగ్ నోర్గే పేరనే యున్నది. మూట మోసినవాని పేరు పురస్కారమునకు పెట్టుకొన్న దేశము, మూట మోయు విద్యార్థిని చిన్నచూపు చూడరాదు గదా!

మన తెలుగుపిల్లల కథయు నిట్టిదే. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మము జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ టిబెట్టు వైపునుండి ఎవరెస్టు నెక్కిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు ఇంకను నిండలేదు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి బండపై తొలి పాఠములు నేర్చినవారు. వారిని మనమందరము మెచ్చుకొంటిమి, మెచ్చుకొనదగినదే. కాని ఆ యేడే ఏప్రిలు 18వ తేదీన, అదే పర్వతమునకు నేపాళము వైపున, మంచుపెళ్ళలు విరిగిపడి 16 మంది నేపాళీ పనివారు మరణించిరి. ఇతరులు ఎక్కుటకై సామగ్రిని చేరవేయుచు, దారి సిద్ధముచేయుచుండినవారు వారు. శిఖరమును చూచువారి కంటికి దారి వేసినవాడు కనబడడు. ఈ లోపమునే విశ్వవిద్యాలయములు తమ బహుమానములలో దిద్దుకొనవలెనని నా మనవి.

నేను కన్న సంగతి నొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట అనంతగిరి కొండలలో విద్యార్థుల జట్టుతో నేనును నడచితిని. ఆ జట్టున కడపట నడచుచుండిన విద్యార్థిని యొకతె, మన్యపు పల్లెనుండి చదువునకై వచ్చినది. అందరికంటె వెనుక నుండి, అలసినవారి సంచి నందుకొనుచు, మలుపు మలుపునకు తలలు లెక్కపెట్టుచుండెను. మధ్యాహ్నము దాటునప్పటికి పడమట మబ్బు నల్లబడెను. ముందున్న గెడ్డ పొంగినచో మరలివచ్చుటకు దారి యుండదని చెప్పి, ఆమె జట్టును ఆపినది. శిఖరము గంట దూరములో కనబడుచుండెను. పిల్లలు సణిగిరి, ఒకడు పిరికిదని యనెను. ఆమె మాట మార్చుకొనలేదు. సాయంకాలము వాన కురిసెను. మేమందరము పొడి బట్టలతో గ్రామపు బడిలో భోజనము చేయుచుంటిమి. ఆ సంవత్సరాంతమున వారి విద్యాసంస్థ ఇచ్చిన బహుమానము మాత్రము అందరికంటె వేగముగా కొండ యెక్కిన కుర్రవానికి చేరెను. అతడు మంచివాడే. కాని ఆనాడు ఇరువదిమందిని ఇంటికి చేర్చినది అతని వేగము కాదు.

జరుగకుండ తప్పిన కీడునకు సాక్ష్య ముండదు. అందుచేతనే జాగ్రత్తపరునకు కీర్తి దక్కదు. విశాఖ రామకృష్ణా తీరమున, ఋషికొండవద్ద, యారాడవద్ద స్నానమునకు దిగి ప్రాణములు గోల్పోయిన యువకుల వార్తలు మీరు వినుచునే యున్నారు. అలలు ఒడ్డునకు త్రోసిన నీరు ఒక ఇరుకు పాయగా మరల లోనికి పరుగెత్తును. అచ్చట అలలు విరుగవు గనుక చూచుటకు నెమ్మదిగా నుండును. తెలియనివాడు అక్కడనే దిగును. అందు చిక్కినవాడు నేరుగా ఒడ్డునకు ఈదబోయిన అలసి మునుగును. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, పాయ దాటిన పిమ్మట మరలవలెను. ఈ మాట తెలిసిన విద్యార్థి యొకడు గుంపులో నుండి, "ఇచ్చట దిగరా"దని గట్టిగా చెప్పిన, ఆ దినము వార్త యుండదు. పెద్ద కర్మాగారములలో ప్రమాదము లేక గడచిన దినములను లెక్కించి పలకపై వ్రాయుదురు. ఉక్కునగరము వారికి ఈ ఆచారము క్రొత్త కాదు. విద్యార్థుల పనికిని అట్టి లెక్క యొకటి కావలెను.

మరి ఉత్తముని ఎన్నుకొను విధమేమి? నాకు తోచినది విన్నవించెదను. మొదట, జట్టులో అందరికంటె చిన్నవానిని, అందరికంటె నెమ్మదిగా నడచినవానిని అడుగవలెను. తమను కనిపెట్టి చూచినదెవరో వారికి తెలియును, అధికారికి తెలియకపోవచ్చును. రెండవది, సామానుల చిట్టా చూడవలెను. చిరిగిన త్రాటిని చిరిగినదని వ్రాసి ప్రక్కనబెట్టినవాడు, బాగున్నదని వ్రాసి త్రోసివేసినవానికంటె నమ్మదగినవాడు. మూడవది, "వెనుకకు మరలుద"మని చెప్పిన దినములనుగూడ ప్రతిభగా లెక్కింపవలెను. ఒక్కనిని గౌరవించిన తక్కినవారికి అసూయ పుట్టదా యని కొందరందురు. కారణము చెప్పక ఇచ్చిన బహుమానము అసూయను పుట్టించును. ఏ దినమున ఏ పని చేసినందుకు ఇచ్చుచున్నారో విప్పిచెప్పిన, తక్కినవారు ఆ పనిని నేర్చుకొందురు.

ఇంకొక మాట. శాలువ వేతనమునకు బదులు కారాదు. పని చేయించుకొని, జీతమెగవేసి, సభలో పూలదండ వేయుట గౌరవము కాదు. కూలి చెల్లించిన పిమ్మట చెప్పిన మంచిమాటయే మంచిమాట. పాలేరునకు గింజలు కొలిచి యిచ్చిన తరువాతనే పండుగకు క్రొత్తబట్టలు పెట్టు మర్యాద మన పల్లెలు ఎరిగినదే.

మంచి విద్యార్థికి ఇచ్చు ప్రశంసాపత్రము నొక ప్రతి అతని గ్రామమునకుగూడ పంపుట మేలని నా అభిప్రాయము. పట్టణపు సభలో మ్రోగిన చప్పట్లు ఆ సాయంకాలమునకే ఆరిపోవును. స్వగ్రామమున రచ్చబండవద్ద చదివిన ఉత్తరము తల్లిదండ్రుల తల నిలుపును. ఆ వీథి పిల్లలకు దారి చూపును.

కాబట్టి గ్రామపెద్దలారా, మీకు నా విన్నపమిది. ఈ సంక్రాంతికి మీ పిల్లలు విశాఖనుండి ఇంటికి వత్తురు. మార్కులెన్నియని అడుగుడు, తప్పులేదు. దానితో పాటు, "అక్కడ నీవేమి పని చేయుచున్నావు? ఎవరికి తోడుగా నిలిచితివి?" అనిగూడ అడుగుడు. అరచేతిలో త్రాటి ఒరపిడి కాయ కనబడిన, అది చదువు చెడినదనుటకు గుర్తు కాదు. పదిమంది బిడ్డలు పదిమంది తల్లుల యొద్దకు తిరిగి చేరిరనుటకు అది గుర్తు కావచ్చును. ఆ చేతిని మీ చేతిలోనికి తీసికొని మెచ్చుకొనుడు. విశ్వవిద్యాలయ మిచ్చు పత్రము తరువాత రానిండు.