బంతియాటకు పంచాంగశ్రవణము



ఉగాదినాటి సాయంకాలము రామాలయపు టరుగుమీద పురోహితుడు పంచాంగము విప్పి, ఈ సంవత్సరమునకు రాజెవరు, మంత్రి యెవరు, సస్యాధిపతి యెవరు, వాన యెన్ని యాఢకములు, ఏ రాశివారికి ఆదాయ మెంత, వ్యయ మెంత అని చదువుచుండగా మన మందఱము వినుచుందుము. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని వినినవాడును నవ్వుకొనుచు నింటికి బోయి సుఖముగా పులిహోర భుజించును. ఏడాది తిరిగిన పిదప ఆ పాత పంచాంగమును పైకి దీసి, చెప్పినంత వాన కురిసినదా లేదా యని లెక్కచూచువానిని మన యూళ్లలో నేను చూచి యెఱుగను. అట్లు లెక్కచూచువారు అమెరికాలో వేలకొలది గలరు. అయితే వారి పంచాంగము గ్రహములను గూర్చినది కాదు; బేస్‌బాలు అను బంతియాటను గూర్చినది. వారిలో నొకడు నా మేనల్లుడు.

అతడు చాల యేండ్లుగా అట్లాంటా నగరమున నుద్యోగము చేయుచున్నాడు. ఆ యూరి జట్టు పేరు బ్రేవ్సు. ప్రతి సంవత్సరము మార్చినెలలో, ఆటలు ప్రారంభము గాకమునుపే, ఏ జట్టు ఏ స్థానమున నిలుచునో, కడపట కిరీట మెవరిదో ఒక కాగితముపై వ్రాసి, వంటయింటిలోని ఫ్రిజ్జు తలుపునకు అంటించును. అక్టోబరు ముగియగనే ఎఱ్ఱసిరాతో తప్పులు దిద్దును. నేను ముప్పదియేండ్లు బడిపంతులుగా నుంటిని గాని, తన కాగితమును తానే యింత నిర్దయగా దిద్దుకొనినవానిని చూడలేదు.

2017వ సంవత్సరము మార్చినెలలో నేనక్కడ నుంటిని. పదియేండ్ల కూతురిని బడి మాన్పించి, భార్యాభర్త లిరువురు ఫ్లారిడాకు ప్రయాణము గట్టిరి. పిల్లకు డిస్నీ వరల్డు చూపవలెనని తల్లి కోరిక. బ్రేవ్సు జట్టు సాధన చూడవలెనని తండ్రి కోరిక. చిత్రమేమనగా, 1998 మొదలు 2019 వఱకు ఆ జట్టు వసంతకాలపు సాధన డిస్నీవారి యావరణములోనే జరుగుచుండెను. కావున కలహమున కవకాశము లేకపోయెను. నన్ను గూడ కారులో నెక్కించుకొనిరి.

ఆట తెలియనివారి కొఱకు రెండుమాటలు. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు. ఒకడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతి విసరును. వేఱొకడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టవలెను. కొట్టినవాడు 90 అడుగుల భుజముగల చదరపు నాలుగు మూలలను చుట్టి, బయలుదేఱిన చోటికి క్షేమముగా వచ్చినచో ఒక్క పరుగు. ముగ్గురు పడిపోయిన ఎదుటివారి వంతు. ఇట్లు తొమ్మిది వంతులు. మన బిళ్లంగోడునకు, క్రికెట్టునకు ఇది దూరపు జ్ఞాతి యని చెప్పవచ్చును. పది పర్యాయములలో మూడు పర్యాయములు చక్కగా కొట్టినవాడు అందు మహావీరుడు. ఋతువు పొడుగునను సగటున పదింట నాలుగు కొట్టినవాడు 1941లో టెడ్ విలియమ్సు. అతని పిదప ఆ పెద్ద జట్లలో మఱియొకడు లేడు. నూటికి ముప్పది మార్కులు తెచ్చుకొనినవానిని భుజముల కెత్తుకొను బడి అదియొక్కటే.

పెద్ద జట్లు ముప్పది. ఒక్కొక్క జట్టు ఆఱునెలలలో 162 ఆట లాడును. అనగా దాదాపు ప్రతిదినము ఆటయే. మిక్కిలి బలమైన జట్టుగూడ సామాన్యముగా అఱువది యాటలవఱకు ఓడును. ఒకనాటి యాట పాచికలవంటిది. నూట అఱువది యాటలు చేరినగాని ఎవడెంతవాడో తెలియదు. తెలిసినదిగదా యనుకొనునంతలో అక్టోబరు వచ్చును. అప్పుడు అయిదాటలు, ఏడాటలు గల చిన్న పోరులతో కిరీటము నిర్ణయింతురు, మరల పాచికలే. 2001లో సియాటిల్ జట్టు 116 ఆటలు గెలిచియు కడపటి పోరాటమైన వరల్డు సిరీసు గడప త్రొక్కలేకపోయెను. 1990లో తమతమ వర్గములలో అట్టడుగున నిలిచిన అట్లాంటా, మినెసోటా జట్లు రెండును మఱుసటియేడు ఆ సిరీసులోనే ఎదురెదురుగా నిలిచినవి. ఏడవ యాటలో పదవ వంతున ఒక్క పరుగుతో మినెసోటా గెలిచెను. నా మేనల్లుడు ఈ కథను భారతములోని ఘట్టమువలె చెప్పును. అడుగున నున్నవాడు పైకి రాగలడనుటకు అతనికి అదియే ప్రమాణము.

ఫిబ్రవరి, మార్చి నెలలలో జట్లు సగము ఫ్లారిడాలోను, సగము అరిజోనాలోను సాధన చేయును. ఫ్లారిడా జట్ల కూటమికి గ్రేప్‌ఫ్రూటు అను పండు పేరు గలదు. అది మన పంపరపనసకు చుట్టము. 1915లో బ్రూక్లిన్ జట్టు నాయకుడైన రాబిన్‌సను విమానమునుండి పడవేయు బంతిని పట్టుకొందునని పందెము వేసి నిలువగా, విమానము నడుపు రూత్ లా యను నామె బంతికి బదులు ఈ పండును వదలినదట. పండు పగిలి రసము ముఖమంతయు చిందగా, అతడు అది తన నెత్తురే యనుకొని ‘చచ్చితిని’ అని కేకలు వేసెనని చెప్పుకొందురు.

ఇక డిస్నీ వరల్డు. దానిని తోట యనుటకంటె నొక ఫిర్కా యనుట మేలు. బొమ్మల చలనచిత్రములు తీసిన వాల్టు డిస్నీ 1960 తరువాతి సంవత్సరములలో వేఱువేఱు పేళ్లుగల కంపెనీలద్వారా, కొనువాడెవడో యెవరికిని తెలియనీయక, చిత్తడినేలలు ఇంచుమించు 27,000 ఎకరములు కొనెను. తెలిసినచో ధర పెరుగును గదా! ఈ కిటుకు మన రైతులకు నేను విప్పిచెప్ప నక్కఱలేదు. అతడు 1966లో మరణించెను. వినోదశాల 1971 అక్టోబరు 1వ తేదీన తెఱవబడెను.

అందు ప్రతి వినోదము ముందరను ఒక పలక యుండును. ఎన్ని నిమిషములు వరుసలో నిలువవలెనో దానిపై వ్రాయబడియుండును. తిరుమలలో కూర్చున్నవారికి నిరీక్షణము క్రొత్తగాదు. పలక మాత్రము క్రొత్త. ఒక భాగమున ఆనందపురమను నొక ఆసియా రాజ్యమును వారు కల్పించిరి. శిథిలమైన మహారాజు మందిరముల నడుమ పులులు తిరుగుచుండును. గోడల పెచ్చు లూడియుండును, రంగు వెలిసియుండును. అదంతయు కావలెనని చేసిన పని! మా యూరి చావడిగోడ పెచ్చులు సరిచేయుటకై ఇంటింటికిని తిరిగి చందాలు పోగుచేసినవాడను నేను. ఊడని పెచ్చులను ఊడినట్లు చేయుటకు ధనము వెచ్చించినవారిని చూచి కొంతసేపు నోటమాట రాక నిలిచితిని.

అడవిలో పడవప్రయాణ మొకటి గలదు. పడవ నడుపువాడు హాస్యములు చెప్పుచుండ, నీటి నడుమ యంత్రపు టేనుగులు తొండము లెత్తి జలములు చిమ్మును. నీటిగుఱ్ఱములు తలలు పైకెత్తి మీదికి వచ్చునట్లు బెదరించును. మొదటి పర్యాయము పిల్ల అదరి నా చేయి పట్టుకొనెను. రెండవ పర్యాయము ఎక్కినపుడు, “తాతయ్యా, ఇదిగో ఇప్పుడు ఏనుగు చిమ్మును, చూడుము” అని వ్రేలు చూపెను. చిమ్మెను. “ఇప్పుడు నీటిగుఱ్ఱము.” అదియును లేచెను. ఒక్కటియు తప్పలేదు. మూడవసారి ఎక్కుదమా యని తల్లి యడుగగా, అక్కఱలేదని చెప్పి, ఆట యెప్పుడని తండ్రి నడిగెను.

మఱునాడు మధ్యాహ్నము ఆటకు బోతిమి. వసంతపు టాటల గెలుపోటములు లెక్కలోనికి రావు. పేరుగలవారు రెండుమూడు వంతు లాడి వెడలిపోవుదురు. పిదప వీపున డెబ్బదియో యెనుబదియో అంకెగల, ఎవరును పేరెఱుగని కుఱ్ఱవాండ్రు వత్తురు. అప్పటి నియమము ప్రకారము నెల ముగియుసరికి పెద్ద జట్టులో ఇరువదియైదుగురే మిగులుదురు. తక్కినవారు చిన్న పట్టణముల జట్లకు, కొందఱు ఇండ్లకు. అట్టి యొకడు వరుసగా రెండుమాఱులు బంతిని తాకలేకపోయెను. మా ముందు వరుసలో నొక నడివయసు స్త్రీ అతడు వచ్చినపుడెల్ల లేచి నిలిచి, అతడు పోయినపుడు కూర్చుండెను. తల్లియో, మేనత్తయో నే నడుగలేదు. మూడవమాఱు అతని కవకాశము రాకుండగనే ఆట ముగిసెను. మా మేనల్లుని కాగితములోగాని, పత్రికలవారి జోస్యములలోగాని అట్టివారి పేళ్లుండవు. కాని ఆ మైదానములో నిజముగా ఫలముకొఱకు గుండె చిక్కబట్టుకొని కూర్చున్నది ఆమె యొక్కతెయే యని నాకు తోచినది.

ఆ రాత్రి బసలో తండ్రి తన కాగితము వ్రాసెను. అంతకు ముందటియేడు 93 ఆట లోడిన బ్రేవ్సును వారి వర్గములో మొదటిస్థానమున నిలిపెను. “ఇ దేమి న్యాయమురా?” అంటిని. “మామయ్యా, ఈ ఏప్రిలులో మావాండ్లు క్రొత్త మైదానమునకు గృహప్రవేశము చేయుచున్నారు. శుభకార్యపు టేడు అశుభము వ్రాయవచ్చునా?” అనెను. పిల్లయు నొక కాగితము తీసికొని, కిరీటము హ్యూస్టను జట్టుదని వ్రాసెను. ఏలయనగా ఆటలో నెవరో పెట్టుకొనిన ఆ జట్టు టోపీమీది నక్షత్రము బాగుగనున్నదట. తండ్రి నవ్వెను.

ఆ యేడు బ్రేవ్సు 90 ఆట లోడి మూడవస్థానమున నిలిచెను. హ్యూస్టను వరల్డు సిరీసు గెలిచెను, తన చరిత్రలో మొదటిసారి. పిల్ల కాగితము ఫ్రిజ్జు తలుపుపై శాశ్వతముగా నిలిచిపోయెను. ఆ పిల్లకంటె మూడేండ్లు ముందుగనే, 2014లో, స్పోర్ట్సు ఇల్లస్ట్రేటెడు అను పత్రిక తన ముఖపత్రముమీద 2017లో హ్యూస్టను గెలుచునని అచ్చువేసినది. అప్పటికి ఆ జట్టు వరుసగా మూడేండ్లు ఏటేట నూటికిపైగా ఆట లోడియుండెను; 2013లో 111. ఆ ముఖపత్రముమీద బొమ్మ వేయబడిన స్ప్రింగరను నాటగాడే 2017 వరల్డు సిరీసులో శ్రేష్ఠుడుగా నెన్నబడెను. పేరు, సంవత్సరము, మనిషి అన్నియు కుదిరినవి. మన వరాహమిహిరుడు వినినను తల యూపవలసినదే.

2020 జనవరిలో, ఆటను పాలించు సంస్థవారు విచారణ జరిపి తీర్పు ప్రకటించిరి. 2017లో హ్యూస్టను ఆటగాండ్రు తమ మైదానమున కెమెరా నుంచి, ఎదుటిపక్షమువారు వ్రేళ్లతో చేసికొను రహస్యసంజ్ఞలను తెరపై చూచి, రాబోవు బంతి యెట్టిదో తమ కొట్టువానికి తెలియుటకై చెత్తడబ్బాను కఱ్ఱతో మ్రోగించుచుండిరని తేలెను. అయిదు మిలియను డాలర్ల జుర్మానా విధించిరి. ముఖ్యాధికారిని, నాయకుని ఒక యేడు దూరముగ నుంచిరి. కిరీటమును మాత్రము తీసివేయలేదు.

పిల్లకు అప్పటికి పదుమూడేండ్లు. నాకు టెలిఫోను చేసి, “తాతయ్యా, నా జోస్యము నిజమైనట్లా, కానట్లా?” అని యడిగెను. గెలిచినది నిజము గదా యని చెప్పబోయి ఆగితిని. మోసము తెలియక చెప్పిన నీ మాటకు దోషము లేదంటిని. “నే నడిగినది దోషమును గూర్చి కాదు” అనెను. ముప్పదియేండ్లు పిల్లల ప్రశ్నలకు బదులు చెప్పినవాడనే గాని, ఆనాడు ఇక్కడ ఎండ లెట్లున్నవో చెప్పి మాట తప్పించితిని. కాగితమును ఆమెయే తీసివేసినదని పిదప వింటిని. మఱుమాఱు ఆమె జోస్యము వ్రాయలేదు.

ఆ మార్చిలోనే అంటువ్యాధివలన వసంతపు టాటలు నిలిచిపోయినవి. డిస్నీ వరల్డు మూతబడి, జూలైలోగాని తెఱవలేదు. 162 ఆటలకు బదులు 60 మాత్రమే జరిగినవి. ఈ సంగతి ఏ పంచాంగములోను లేదు, అక్కడిదిగాని, మనదిగాని.

మేనల్లుడు మాత్రము మానలేదు. ఏటేట బ్రేవ్సునే కిరీటమునకు వ్రాయుచు, ఏటేట ఎఱ్ఱసిరా వాడుచుండెను. 2020లో ఆ జట్టు మూడాటలు గెలిచి, మఱియొక్కటి గెలిచిన వరల్డు సిరీసునకు పోవలసియుండి, లాస్ ఏంజెల్సువారి చేతిలో వరుసగా మూడు ఓడెను. దానితో అతని మనసు విరిగినది. 2021 మార్చిలో మొదటిసారిగా, బుద్ధిమంతు లందఱివలె, కిరీటము లాస్ ఏంజెల్సుదని వ్రాసెను. ఆ యేడు బ్రేవ్సు జట్టులోని మేటి యాటగాడు జూలైలో మోకాలు దెబ్బతిని కూలబడెను. ఆగస్టువఱకు ఆ జట్టు గెలుపులు ఓటములను మించలేదు. మొత్తముమీద 88 ఆటలు గెలిచి, ఎట్లో అక్టోబరున బడి, లాస్ ఏంజెల్సును ఓడించి, కడపట అదే హ్యూస్టనుపై, హ్యూస్టనులోనే, వరల్డు సిరీసు గెలిచెను.

నవంబరు 3వ తేదీ ఉదయము నేను కాఫీ త్రాగుచుండ టెలిఫోను మ్రోగెను. వారికది అర్ధరాత్రి. “మామయ్యా, గెలిచితిమి!” అని కేక. వెనుక పిల్ల కేకలును వినబడినవి. సంతోషించి, “మఱి ఫ్రిజ్జుమీది కాగితము?” అని యడిగితిని. అవతల క్షణకాలము చప్పుడు లేదు.

“ఏడవ వంతులోనే చింపివేసితిని, మామయ్యా.”