ఇంటి కారును ట్రాక్‌కు తీసికొనిపోవువారికి
(హోసూరున జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మామూలుగా భాషను గూర్చియు, బడులను గూర్చియు, ఉగాది ఉత్సవములను గూర్చియు మాటలాడుచుందుము. నేడు మోటారు కారు బ్రేకులను గూర్చి మాటలాడుటకు మాకు కొంత సంకోచముగనే యున్నది. అయినను మన యిండ్ల పడుచువాండ్రు అంగడికి వచ్చి ఈ సంగతినే పదేపదే అడుగుచున్నారు. ఇరువది యేండ్లకు పైగా మోటారు విడిభాగములు, నూనెలు అమ్ముకొని బ్రదుకుచున్న వారము. తెలిసినది దాచుకొనుట ధర్మము కాదని తలచితిమి.

మన చంద్రచూడేశ్వరుని తేరు కదలునపుడు అందరి కన్నులు మోకులు లాగువారిపైననే యుండును. చక్రము ప్రక్కన చెక్కదిమ్మ పట్టుకొని నడుచువానిని చూచువారు తక్కువ. కాని తేరు నిలుచుట వాని చేతిలోని పని. ఈ ప్రసంగమంతయు ఆ దిమ్మ పట్టినవానిని గూర్చియే యని తలపుడు.

వేగమునకు మన యూరు క్రొత్త కాదు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ వెలువడినది ఇచ్చటి నుండియే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు షోలవరము విమాన పట్టీయే ఆనాటి పందెములకు రంగస్థలము. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వతమైన ట్రాక్ వెలసినది. కోయంబత్తూరు దాపున చెట్టిపాళయములో 2003లో ప్రారంభమైన కరి మోటార్ స్పీడ్‌వే మరియొకటి; పందెపు కార్లను నడుపుటయే గాక స్వయముగా నిర్మించిన కరివర్ధన్ గారి పేర అది నిలిచియున్నది. ఇట్టి చోట్ల కొన్ని దినములలో రుసుము చెల్లించి ఎవరైనను తమ సొంత కారును నడుపుకొనవచ్చును. దీనిని ట్రాక్ డే యందురు. ఇది పందెము కాదు, బహుమతి లేదు, గెలుపు ఓటములు లేవు. ఎదురుగా వచ్చు లారీ లేదు, అడ్డము వచ్చు పశువు లేదు.

ఇందులో మేము చిక్కుకొన్న విధము చెప్పవలెను. మా మేనల్లుడు రాత్రివేళ కృష్ణగిరి రోడ్డున స్నేహితులతో కలిసి కారును మితిమీరిన వేగముతో నడుపుచున్నాడని మాకు తెలిసినది. మా సోదరి కన్నీరు పెట్టుకొన్నది. పిలిచి అడిగితిమి, వాడు దాచలేదు. రహదారిపై అనుమతి లేకుండ వేగపు పోటీ పెట్టుట 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము నేరము. 2019 సవరణ తరువాత మొదటిసారికే మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని పడవచ్చును. జుల్మానా కట్టుకొనవచ్చును, ఎదుటివాని ప్రాణము ఎవరు కట్టియిత్తురు? "రోడ్డుపై ఇక వలదు. అంత మనసైనచో ట్రాక్‌కు పోదము, మేమును వత్తుము" అంటిమి. వాడు మాట యిచ్చినాడు.

మూడు వారములు వాడు కారును సిద్ధము చేసినాడు. ఆరేండ్ల నాటి చిన్న పెట్రోలు కారు. మెరుగు పెట్టించినాడు, పెద్దగా మ్రోగు సైలెన్సరు తగిలించినాడు. చివర ఒకనాడు "మామా, బ్రేకు నూనె మార్చవలెనా?" అని అడిగినాడు. మేము మూత ప్రక్కన గుర్తు చూచితిమి. నూనె నిండుగా నున్నది. "అక్కరలేదురా" అంటిమి. ఆ మాట మాది. దానిని ఎవరిపైనను నెట్టము.

ఇరుంగాట్టుకోట్టైలో ఆ యుదయము రెండవ విడత, నాలుగవ చుట్టు. పొడవైన తిన్నని దారి చివర వాడు కాలు నొక్కగా పెడలు మెత్తగా నేలవరకు దిగిపోయినది. వాడు తొందరపడక మరల మరల నొక్కుచు, గేరు తగ్గించి, మలుపు వెలుపలి మట్టిలోనికి కారును తిన్నగా పోనిచ్చినాడు. దుమ్ము లేచినది, ఆ దుమ్ములో కారు మాకు కనబడలేదు. దుమ్ము అణగునంతలో మేము పడిన వేదన మాటలకు అందదు. వానికి గాయము కాలేదు, కారుకును కాలేదు. మా సోదరితో ఈ సంగతి చెప్పుటకు మాత్రము మాకు మూడు దినములు పట్టినది.

కారణము వినుడు. వేగము రెట్టింపైన కారులోని శక్తి నాలుగింతలగును. 1,200 కిలోల కారును 120 కిలోమీటర్ల వేగము నుండి ఒకసారి నిలిపినచో బ్రేకులలో పుట్టు వేడి రెండు లీటర్ల చన్నీటిని మరగించుటకు చాలును. ట్రాక్‌పై అట్టి వేడి చుట్టుచుట్టునకు పలుమారులు పుట్టును. ఆరుటకు వ్యవధి యుండదు. తొప్పూరు ఘాటు దిగు లారీల బ్రేకులు ఏల పట్టుదప్పునో మనకు తెలియును గదా, ఇదియు అదియే.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను గుణము గలది. డాట్ 3 రకము క్రొత్తదైనచో 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకైన మరగదు. తేమ పట్టినచో ఆ హద్దు 140కి దిగిపోవచ్చును. డాట్ 4 రకమునకు ఆ యంకెలు 230, 155. మరగినచో నూనెలో ఆవిరి బుడగలు పుట్టును. నూనె అణగదు గాని ఆవిరి అణగును; కాలి బలమంతయు బుడగలను నొక్కుటకే సరిపోవును. కావున నూనె ఎంత యున్నదని గాక, ఎన్నడు పోసినదని అడుగవలెను. ట్రాక్‌కు పోవుటకు ముందు పాతదంతయు తీసి, సీలు విప్పని డబ్బానుండి క్రొత్తది పోయించి, గొట్టములలోని గాలిని పూర్తిగా వెడలింపుడు. డాట్ 5 అను సిలికాన్ నూనెను మాత్రము వీనితో కలుపరాదు. బ్రేకు ప్యాడ్లు సగమునకు మించి అరిగియున్నచో మార్చి, వాడుక రోడ్డుపై కొన్నినాళ్లు నడిపి కుదురుకొననిండు.

తక్కిన వానిని క్లుప్తముగా చెప్పుదుము. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు చూడుడు. 2319 అనిన 2019వ సంవత్సరము 23వ వారమున చేసినదని యర్థము. ముదిరిన టైరును, పగుళ్లు పట్టినదానిని వాడరాదు. చక్రపు నట్లను కొలత పానాతో పుస్తకములో చెప్పినంత బిగించి, మొదటి విడత పిమ్మట, చక్రము చల్లారినాక, మరల చూడుడు. టైరు వేడెక్కిన గాలి ఒత్తిడి పెరుగును. అచ్చట కొంత తీసినచో ఇంటికి బయలుదేరు ముందు తప్పక నింపుకొనుడు. ఇంజను నూనె పైగీత వరకు నుండవలెను, మించరాదు. రేడియేటరు మూతను వేడిమీద తెరువరాదు. బ్యాటరీని కదలకుండ బిగింపుడు.

లోపలి సామానునంతయు తీసివేయుడు. చాపలు, నీళ్ల సీసాలు, జాకీ, స్టెపినీ ఏదియు నుండరాదు. మా మేనల్లుని కారులో డ్యాష్‌బోర్డుపై వినాయకుడు అంటించియుండెను. స్వామిని భక్తితో ఊడదీసి మా జేబులో నుంచుకొంటిమి. గట్టిగా బ్రేకు వేసినపుడు ఆ చిన్న విగ్రహమును రాయివలె ఎగిరి రాగలదు.

నడుపువానికి ముఖమంతయు కప్పు హెల్మెట్టు, పూర్తి చేతుల నూలు చొక్కా, పలుచని అడుగు గల మూసిన జోళ్లు కావలెను. జెండాల భాష ముందే నేర్వవలెను. పసుపు జెండా ముందున్న ప్రమాదమునకు, ఎర్రది ఆట నిలిచినదనుటకు, నీలిది వెనుక వేగముగా వచ్చువాడున్నాడనుటకు గుర్తు. మొదటి చుట్టు మెల్లగా పోయి దారి నేర్చుకొనుడు. మలుపులో గాక, మలుపునకు ముందు తిన్నని దారిలోనే బ్రేకు వేయుడు. చివరి చుట్టు బ్రేకు తాకకుండ మెల్లగా తిరిగి చల్లార్చుకొని రండు. వచ్చిన వెంటనే హ్యాండ్‌బ్రేకు లాగరాదు. కాగిన బ్రేకులు పట్టుకొనిపోవచ్చును. గేరులో నిలిపి చక్రము క్రింద చెక్కదిమ్మ పెట్టుడు. చూచితిరా, తిరిగి తేరు దిమ్మ దగ్గరకే వచ్చితిమి!

వ్యాపారస్థులము గనుక లెక్క కూడ చెప్పవలెను. మోటారు భీమా పాలసీలలో పందెములకును, వేగ పరీక్షలకును సాధారణముగా వర్తింపు లేదు. ట్రాక్‌పై నష్టము వచ్చినచో అది మన సొంత నష్టమే. పైగా పోను రాను ఐదు వందల కిలోమీటర్లకు పైబడు ప్రయాణమున అదే కారు మనలను ఇల్లు చేర్చవలెను. సైలెన్సరుకు పెట్టిన డబ్బులో కొంత భాగముతో బ్రేకు నూనె వచ్చును. సైలెన్సరు వినబడును, నూనె కనబడదు. అందుచేతనే పడుచువాండ్రు మొదటిదానిని కొందురు.

మా మేనల్లుడు క్రొత్త నూనె పోసికొని మరియొకసారి పోయి వచ్చినాడు. ఈసారి మా సోదరియు వెంట వచ్చి, చెవులు మూసికొనియే యైనను, కడవరకు కూర్చున్నది. రాత్రివేళ కృష్ణగిరి రోడ్డున వాని ఆటలు నిలిచినవి. పెద్దలకు మా మనవి ఒక్కటే: పిల్లవాడు వేగమన్నచో తిట్టి పంపకుడు, తిట్టినచో వాడు చీకటి రోడ్డును వెదకుకొనును. పడుచువారలారా, పోవుటకు ముందు ఒకసారి మా అంగడికి రండు. తెలుగు బిడ్డయైనను, తమిళ, కన్నడ బిడ్డయైనను బ్రేకు నూనె చూచి చెప్పుటకు మేము కాసు పుచ్చుకొనము. "నిండుగా నున్నది" అని మాత్రము ఇక నెన్నడు చెప్పము.