మెడలో గడ్డను స్కార్ఫ్ కింద దాచవద్దు
(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన మహిళా సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



నేను డాక్టర్ని కాను. రోగిగా నాకు తెలిసింది చెప్పమన్నారు కాబట్టి మీ ముందు నిలబడ్డాను.

రెండేళ్ల కిందట మా చిన్నమ్మాయి నా స్కార్ఫ్‌కు పిన్ను పెడుతూ "అమ్మీ, ఇక్కడ ఉబ్బుగా ఉందేమిటి?" అంది. అద్దంలో చూసుకున్నాను. గొంతుకు కుడిపక్క ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు. గుటక వేస్తే పైకి కదులుతోంది. అప్పుడు పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. తల్లికి మెడలో గడ్డ అంటే వచ్చేవాళ్లు ఏమనుకుంటారోనని స్కార్ఫ్ ఇంకాస్త కిందకు లాక్కుని ఎనిమిది నెలలు గడిపాను. దిష్టి అన్నవారున్నారు, తావీజు కట్టినవారున్నారు.

చివరికి ఒక క్లినిక్‌లో రక్తపరీక్ష చేశారు. "థైరాయిడ్ నార్మల్, భయం లేదు" అన్నారు. సంతోషంగా ఇంటికొచ్చాను. నా పొరపాటు అక్కడే జరిగింది. టి.ఎస్.హెచ్. అనే ఆ పరీక్ష గ్రంథి ఎంత పని చేస్తోందో చెబుతుంది. గ్రంథిలో ఉన్న గడ్డ ఏమిటో చెప్పదు. కుట్టుమిషను బాగా కుడుతోందంటే లోపల తుప్పు లేదని కాదు కదా!

మా వదిన ఊరుకోలేదు. వేరే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. ఆమె మెడను చేత్తో చూసి అల్ట్రాసౌండ్ స్కానింగ్, ఆ తర్వాత సూది పరీక్ష రాశారు. సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూస్తారు. ఇంజెక్షన్ అంత నొప్పే. నా రిపోర్టు అటూ ఇటూ తేలలేదు. అందుకని ఆపరేషన్ చేసి ఆ పక్క గ్రంథి తీశారు. అందులో చిన్న క్యాన్సర్ ఉందని అప్పుడు తెలిసింది. అది గ్రంథి దాటలేదు. అల్హందులిల్లాహ్, ఈ రోజు మీతో మాట్లాడుతున్నాను.

భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కానివే. క్యాన్సర్ అయినా ఎక్కువ రకాలు త్వరగా కనిపెడితే బాగా నయమవుతాయి. కాబట్టి దాచడానికి కారణం లేదు. గడ్డ త్వరగా పెరిగినా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మింగడానికి, ఊపిరికి ఇబ్బందైనా ఒక్కరోజు కూడా ఆగవద్దు.

గడ్డ లేకుండా కూడా థైరాయిడ్ వస్తుంది. విపరీతమైన నీరసం, ఒళ్లు రావడం, చలి, మలబద్ధకం, నెలసరి తేడాలు ఉంటే గ్రంథి మందగించి ఉండవచ్చు. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే ఎక్కువగా పని చేస్తుండవచ్చు. గర్భిణులు డాక్టరును అడిగి మొదట్లోనే పరీక్ష చేయించుకోవాలి. తల్లి హార్మోను తగ్గితే బిడ్డ మెదడు ఎదుగుదలకు నష్టం.

మాత్ర రాస్తే పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రంజాన్‌లో చాలామంది మాత్రే మానేస్తున్నారు. అలా చేయకండి. రాత్రి పడుకునేముందు వేసుకోవాలో, సెహరీకి ముందు వేసుకోవాలో నెల మొదలవకముందే డాక్టరును అడగండి.

మగ డాక్టరుకు మెడ చూపించాలా అని కొందరు వెనకాడతారు. లేడీ డాక్టరు ఉంటే ఆమె దగ్గరకే వెళ్లండి. లేకపోతే ఇంట్లోవారిని తోడు తీసుకెళ్లండి. వైద్యానికి అవసరమైనంత చూపించడం తప్పు కాదని మన ఉలమాలు చెబుతూనే ఉన్నారు. మందు వాడమనీ, ప్రతి రోగానికీ చికిత్స ఉందనీ ప్రవక్త (స) మనకు నేర్పారు. దుఆ చేద్దాం, డాక్టరు దగ్గరకూ వెళదాం.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. ఆపరేషన్ ఖర్చుకు మన సంఘాన్ని సాయం అడిగేవాళ్లున్నారు. స్కానింగ్ ఖర్చుకు అడిగేవాళ్లు లేరు. ఆ కాస్త డబ్బు కోసం ఇంట్లో నోరు విప్పలేక ఎందరో అక్కడే ఆగిపోతున్నారు. వైద్యనిధిలో కొంత పరీక్షల కోసం విడిగా ఉంచండి. ఆసుపత్రి దాకా తోడు వెళ్లడానికి ఇద్దరు సోదరీమణులు కావాలి. అందులో ఒకరిగా నా పేరు రాసుకోండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.